సమన్లు ఏ తారీఖున అందాయి?

చిరంజీవి చిన్నాకు మామయ్య ఆశీస్సులు.

కరోల్‌బాగ్ ఇల్లు ఖాళీ చేయమని సమన్లు వచ్చాయని, నువ్వే కూర్చుని కాగితాలు సిద్ధం చేస్తున్నావని అక్కయ్య నిన్న ఫోన్లో చెప్పింది. మీ నాన్న ఉంటే ఎంత మురిసిపోయేవాడో! నాకు మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు.

సమన్లు నీ చేతికి ఏ తారీఖున అందాయి? ముందు అది చెప్పు.

ఇంటావిడ భర్త పోయిన మనిషి కదా, తానుండటానికి ఇల్లు కావాలని ఢిల్లీ అద్దె చట్టం 14డి సెక్షన్ కింద కేసు వేసింది. మిలిటరీలో రిటైరైన వాళ్లకు 14బి, ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన వాళ్లకు 14సి. 1988లో తెచ్చిన సెక్షన్లివి. వీటిలో వాయిదా రోజున వెళ్లి జవాబిస్తానంటే కుదరదు. "నాకు వాదించుకునే అనుమతి ఇవ్వండి" అని అఫిడవిట్‌తో అడగాలి, అదీ సమన్లు అందిన 15 రోజుల్లో. అడగకపోతే ఆవిడ రాసిందంతా నువ్వు ఒప్పుకున్నట్టే లెక్క.

1994లో నాకు సమన్లొచ్చాయి. మా ఓనరు మిలిటరీలో రిటైరైనాయన. కాగితం మీద వాయిదా నెలన్నర తర్వాత ఉంది. ఇంకా బోలెడు టైముందని దాన్ని వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ వెనక దోపి, ఊళ్లో పెళ్లికి వెళ్లిపోయాను. తిరిగొచ్చి లాయరు దగ్గరికి వెళ్లేసరికి పంతొమ్మిదో రోజు. ఆయన కాగితం చదివి, కళ్లజోడు తీసి, "ఎప్పుడందింది?" అని ఒక్క మాట అడిగాడు. చెప్పాను. ఇంకేమీ అడగలేదు.

నిజానికి నా కేసు గట్టిది. 14బి కింద అడగాలంటే ఇల్లు అద్దెకిచ్చింది ఆయనే అయ్యుండాలి. మాకిచ్చింది పాత ఓనరు. ఈయన మేమున్న ఇంటినే కొనుక్కుని, తానే అద్దెకిచ్చానని రాశాడు. పాత ఓనరు సంతకాలున్న రసీదులు ట్రంకుపెట్టెలో కట్ట కట్టి ఉన్నాయి. వాటిని చూసేవాళ్లే లేకపోయారు. మీ అత్తయ్య ఆవకాయ జాడీ ఒళ్లో పెట్టుకుని టెంపోలో కూర్చున్న తీరు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

గడువు దాటితే ఆలస్యాన్ని మన్నించే అధికారం ఈ కేసులు వినే రెంట్ కంట్రోలరుకు లేదని పృథీపాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా తేల్చేసింది. అప్పీలు ఉండదు, తీర్పును మళ్లీ చూడమని హైకోర్టులో వేసే రివిజన్ ఒక్కటే. అందుకే పన్నెండో రోజుకల్లా దాఖలు చేసెయ్. రిజిస్టర్డ్ పోస్టు వస్తే వద్దని తిప్పి పంపకు, అదీ అందినట్టే లెక్కేస్తారు. అద్దె మాత్రం ఆపకు.

నా వాదన నీకు పనికిరాదు. మీ నాన్నకు ఇల్లిచ్చింది ఆవిడ భర్తే, 14డికి అది చాలు. నీ బలమల్లా ఆవిడ చేతిలో ఖాళీగా ఉన్న ఆ పై అంతస్తు. "ఆవిడకు అవసరం లేదు" అని ఊరికే రాస్తే చాలదురా. ఎన్ని గదులు, ఎప్పట్నుంచి తాళం, కరెంటు మీటరు తిరుగుతోందా లేదా, అన్నీ రాయి. ఆవిడ ఉండటానికి అది చాలదా అన్నదే అక్కడ తేలాల్సింది. తెలియనిది మాత్రం రాయకు. అబద్ధం ఒక్కటి దొరికినా మిగతాది ఎవరూ నమ్మరు.

ఆవిణ్ణి ఒక్క మాట కూడా తూలకు. మీ నాన్న పోయినప్పుడు మూడు రోజులు మీ ఇంటికి అన్నం పంపిన మనిషి. కేసు కేసే, ఎదురుపడితే నమస్కారం పెట్టు.

మీ అద్దె రసీదులు అక్కయ్య బీరువాలో పట్టుచీరల అడుగున ఉన్నాయట, ఇవాళే తీయించు. తారీఖు మాత్రం ఈ ఉత్తరం చదవగానే ఫోన్ చేసి చెప్పు.

మీ మామయ్య