అక్వేరియంలో చేప, ఇంట్లో చిచ్చు

ప్రశ్న: మాది విజయనగరం. కోటకు దగ్గరలో సొంత ఇల్లు. అత్తమామలు, మేము కింద ఉంటాం; మరిది కుటుంబం పై వాటాలో. వాళ్లు బదిలీ మీద విశాఖపట్నం నుంచి వచ్చి ఏడాది కావస్తోంది. వంట అందరికీ ఒకటే. మామగారు రిటైరయ్యాక హాల్లో మూడడుగుల అక్వేరియం పెట్టుకున్నారు. అందులో నాలుగు ఏంజెల్ చేపలు, రెండు గోల్డ్ ఫిష్, కొన్ని మోలీలు ఉండేవి. కిందటి సిరిమాను పండుగకు మరిది తన కొడుకు ముచ్చట పడ్డాడని ఒక రెడ్ టైల్ షార్క్‌ను తెచ్చి అందులో వేశాడు. అప్పుడది చిటికెన వేలంత. ఇప్పుడు నాలుగంగుళాలైంది, మిగతా వాటిని తరిమి తరిమి కొడుతోంది. ఏంజెల్స్ తోకలు చీలికలైపోయాయి. గత వారం ఒకటి చచ్చిపోయింది. ఆ రోజు మామగారు సరిగా అన్నం తినలేదు. నాకు కడుపు మండి, 'కొత్తగా వచ్చింది పాతవాటిని బతకనివ్వడం లేదు, అచ్చం కొందరి లాగే' అనేశాను. అది మా తోటికోడలు విన్నది. అప్పటి నుంచి కంచం పైకి తీసుకెళ్లి తింటోంది. నిజం చెప్పాలంటే ఆమె వచ్చాక వంటింట్లో నా మాట చెల్లడం లేదు. మా వారు చేపను పెద్దచెరువులో వదిలేస్తానంటున్నారు. తొమ్మిదేళ్ల బాబు 'పెద్దమ్మా, రాజాను పంపేయొద్దు' అని ఏడుస్తున్నాడు. ఇంట్లో చేప చావడం అరిష్టమని అత్తగారు. నేను ఏం చేయాలి?
– ఒక పెద్ద కోడలు, విజయనగరం

జవాబు: అమ్మా, 'అచ్చం కొందరి లాగే' అన్నారు చూడండి, ఇప్పటి వరకు మీ ఇంట్లో జరిగిన నష్టాల్లో పెద్దది అదే. తెగిన తోకలు మళ్లీ పెరుగుతాయి. అత్త మీది కోపం దుత్త మీద చూపడం మన ఇళ్లలో ఉన్నదే. మీరు తోటికోడలి మీది కోపాన్ని చేప మీద పెట్టి చూపారు. ఆమె అపార్థం చేసుకోలేదు, మీరు అన్నది ఆమెనే కదా. ఇక మీదట మీ హాల్లో ఆ చేప గురించి ఎవరేమన్నా అందులో రెండో అర్థం వెతుక్కుంటారు. కాబట్టి ముందు ఈ రెండు తగాదాలనూ విడదీయాలి. చేప తగాదాను చేప తగాదాగానే తీర్చాలి. అది తేలిక, దానితోనే మొదలుపెడదాం.

రెడ్ టైల్ షార్క్ పేరుకే సొరచేప. నిజానికి మన శీలావతి, బొచ్చె చేపల వంశానిది. పుట్టిల్లు థాయిలాండ్. అక్కడి నదుల్లో అది దాదాపు కనుమరుగైంది. దుకాణాలకు వచ్చేవి పెంపకం కేంద్రాల్లో పుట్టినవి. పిల్లగా ఉన్నప్పుడు బెరుకుగా రాళ్ల చాటున దాక్కుంటుంది. అందుకే అమ్మేవాళ్లు 'అన్నిటితోనూ కలిసిపోతుంది' అని నిబ్బరంగా చెప్పి అంటగడతారు. పెరిగే కొద్దీ అడుగున ఒక గుహో, రాతి సందో తనదని ఖాయం చేసుకుని, ఆ చుట్టుపక్కలకు వచ్చిన ప్రతిదాన్నీ తరుముతుంది. అయిదారు అంగుళాల దాకా పెరుగుతుంది, ఏళ్ల తరబడి బతుకుతుంది. నాలుగడుగుల తొట్టె, రెండు వందల లీటర్ల నీరు ఉంటే గాని దాని పక్కన వేరే చేపలకు ఊపిరాడదు. మీ తొట్టె అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటుందనుకున్నా నిండా పోస్తే నూట ఇరవై ఏడు లీటర్లకు మించి పట్టదు. పారిపోయిన చేపకు మరో చోటంటూ లేదు, గిర్రున తిరిగి మళ్లీ దాని ముందుకే వస్తుంది.

అయితే నేరం పూర్తిగా దాని మీద వేసే ముందు కొంచెం ఆగండి. సాయంత్రం మేత వేశాక ఒక ఇరవై నిమిషాలు తొట్టె ముందు ఎవరైనా కూర్చోవాలి. మీరు వద్దు, మామగారు, బాబు కూర్చుంటే మేలు. ఎవరు ఎవరిని తరుముతున్నారు, ఎంత దూరం, తరిమాక తిరిగి ఎక్కడికి వెళుతున్నారు అన్నది బాబు చేత నోటుపుస్తకంలో రాయించండి. షార్క్ అయితే తరిమి మళ్లీ తన రాయి దగ్గరికే వస్తుంది. కానీ ఏంజెల్స్ కూడా చూపులకే సాధువులు. జత కట్టాయంటే రెండూ కలిసి ఫిల్టర్ గొట్టాన్నో, వెడల్పాటి ఆకునో నోటితో శుభ్రం చేసుకుంటూ గుడ్లకు చోటు సిద్ధం చేసుకుంటాయి. ఆ మూలకు మరో ఏంజెల్ వస్తే మూతితో పొడిచి తరుముతాయి. పోయిన చేప ఆ కొట్లాటలో పోయి ఉండవచ్చు కూడా.

తోకలను దగ్గరగా చూడండి. కొరికిన చోట ముక్క ఊడి గండి పడినట్లు ఉంటుంది. అలా కాక అంచులు పొడవునా తెల్లబడి, పోగులు పోగులుగా కరిగిపోతుంటే అది చాలా వరకు చెడ్డ నీటి పని. మీరు 'చీలికలు' అని రాశారు కాబట్టి నాకు నీటి మీద కూడా అనుమానం ఉంది. గోల్డ్ ఫిష్ తిండిపోతులు, తొట్టెను త్వరగా మురికి చేస్తాయి. పైగా వాటికి చల్లని నీరు హాయి, ఏంజెల్స్‌కు వెచ్చని నీరు కావాలి. షార్క్ రాక ముందు నుంచే ఆ పొత్తు పొసగనిది. ఈ సంగతి మామగారికి నెమ్మదిగా చెప్పాలి, తొట్టె ఆయన ప్రాణం కాబట్టి.

వారానికోసారి పావు వంతు నీరు మార్చండి. కుళాయి నీటిని ఒక రోజు బకెట్లో నిలవ ఉంచి పోయండి, లేదా దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు మందు వేసి పోయండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తళతళలాడేలా కడగకూడదు. నీటిని శుభ్రపరిచే సూక్ష్మజీవులు అందులోనే ఉంటాయి, క్లోరిన్ తగిలితే చస్తాయి. తొట్టెలోంచి తీసిన నీటిలో రెండుసార్లు పిండితే చాలు.

ఇక తరమడం సంగతి. ఒక ఆదివారం చిన్న వలతో షార్క్‌ను పట్టి, తొట్టె నీళ్లే పోసిన బకెట్లో ఉంచి, గాలి గొట్టం పెట్టి మూత వేయండి, లేకపోతే ఎగిరి నేల మీద పడుతుంది. ఈలోగా తొట్టెలోని రాళ్లు, బొమ్మలు, మొక్కలు అన్నిటి చోటూ మార్చేయండి. కొబ్బరి అంతా గీకి ఉడకబెట్టిన చిప్పలు బోర్లించి, రంగు వేయని చిన్న మట్టికుండలు పక్కకు పడుకోబెట్టి అయిదారు చాట్లు ఏర్పరచండి. ఈ చివర నుంచి చూస్తే ఆ చివర కనిపించకూడదు, కిటుకంతా అక్కడే ఉంది. తన రాయి తన చోట లేకపోతే షార్క్‌కు రుబాబు కొంత తగ్గుతుంది. దాన్ని తిరిగి వేసేటప్పుడు ప్లాస్టిక్ జాలీ అడ్డంగా నిలబెట్టి నాలుగైదు రోజులు ఒక పక్కనే ఉంచండి. ఆ తరువాత రాత్రి లైటు ఆర్పాక జాలీ తీయండి. మేత రెండు చివరలా వేయండి. దానికి అడుగుకు మునిగే గుళికలు వేస్తే పై చేపల జోలికి తక్కువగా వస్తుంది.

తరమడం తగ్గుతుంది, ఆగిపోతుందని మాత్రం చెప్పను. రెండు మూడు వారాల్లో తోకలు కొత్తగా రావడం మొదలు కాకపోతే రాజాకు వేరే చోటు చూడాల్సిందే. చాలా దుకాణాల వాళ్లు పెద్దదైన చేపను తీసుకుని బదులుగా వేరేవి ఇస్తారు. లేదా దానికంటూ ఒక తొట్టె కొనాలి. ఏది చేసినా బాబుకు తెలిసి చేయండి. రాత్రికి రాత్రి ఇచ్చేసి 'చచ్చిపోయింది నాన్నా' అని చెప్పే పని వద్దు. తన చేతులతో తరమడాల లెక్క రాసిన పిల్లవాడికి కారణం తెలుస్తుంది. ఏడవనివ్వండి, తొమ్మిదేళ్ల వాడు ఏడిస్తే తప్పేమీ లేదు.

ఇందులో ఒక చిక్కుంది. కొత్త తొట్టె పై వాటాలో పెడదామన్న ఆలోచన మీ ఇంట్లో ఎవరికో ఒకరికి వస్తుంది. అది మంచి ఆలోచనే, కానీ మీ నోట రాకూడదు. మీరంటే 'మీ చేప, మీ వాటా' అని వినిపిస్తుంది. అసలు గమనించారా, చేపను తెచ్చింది మరిది, తొట్టె మామగారిది, ముచ్చట పిల్లవాడిది. ఈ వ్యవహారంలో కోడళ్లిద్దరికీ పాత్రే లేదు, అయినా కంచాలు వేరైంది మీ ఇద్దరికే! తండ్రీ కొడుకులను కూర్చోబెట్టి వాళ్లే తేల్చుకోమనండి. మీరు మధ్యలో నుంచి తప్పుకోండి.

తోటికోడలి దగ్గరికి మాత్రం మీరే వెళ్లాలి, ఇవాళే. బాబు ముందు వద్దు, అత్తగారి ముందు అసలే వద్దు. 'నేను చేపనే అన్నాను, నువ్వు తప్పుగా తీసుకున్నావు' అని సర్దుకోకండి. ఆమె నమ్మదు సరికదా, రెండోసారి అవమానించినట్లవుతుంది. 'ఆ రోజు నిన్నే అన్నాను చెల్లీ, అనకూడదు. కిందకు రా, కలిసి తిందాం' అంటే సరిపోతుంది. దాని వెనకాలే 'కానీ నువ్వు కూడా' అని మొదలుపెట్టవద్దు. రానంటే బతిమాలకండి, ఒకటి రెండు రోజులు ఆగండి.

ఆ తరువాత వేరే ఎప్పుడైనా వంటింటి సంగతి ఎత్తండి. చేప గురించి ఇంత పెద్ద ఉత్తరం రాసిన మీరు దీని గురించి ఒకే ఒక్క వాక్యం రాశారు, బాధ అంతా అక్కడే ఉందని నా అనుమానం. మాట చెల్లకపోవడమంటే ఏమిటి? కూరలో కారమా, సరుకుల లెక్కా, అత్తగారు ఎవరిని ముందు పిలుస్తారన్నదా? ముందు మీకు మీరు తేల్చుకోండి, లేకపోతే ఆమెను ఏమని అడుగుతారు? ఆమె విశాఖలో సొంతంగా సంసారం నడుపుకుని వచ్చిన మనిషి, మీరు ఇన్నేళ్లూ ఈ ఇంటి గరిట పట్టిన మనిషి. పొద్దుటి వంట ఒకరు, రాత్రి వంట ఒకరు అని పంచుకోండి. ఆమె వంతు పూట మీరు వంటింట్లోకి వెళ్లి మూత తీసి చూడకూడదు, ఉప్పు తక్కువైందని అనకూడదు. ఇది చెప్పినంత తేలిక కాదు. అది కూడా కుదరకపోతే పొయ్యిలు వేరు చేసుకోండి. పై వాటాలో ఇంకో పొయ్యి వెలిగితే కొంప మునగదు, పండుగలకు ఎలాగూ ఒకటవుతారు.

మీ వారికి ఒక మాట గట్టిగా చెప్పండి. పెద్దచెరువు పైడితల్లి అమ్మవారు వెలసిన చెరువు, తెప్పోత్సవం జరిగే చెరువు. అక్వేరియం చేపలను వదిలించుకునే చోటు కాదు. ఎక్కడి నుంచో వచ్చిన చేప మన నీళ్లలో పడితే ఏమవుతుందో ఇప్పటికే చూస్తున్నాం. అద్దాలు శుభ్రం చేస్తుందని ఇళ్లలో పెంచుకుని, పెద్దదయ్యాక చెరువుల్లో వదిలేసిన సక్కర్ చేప ఇవాళ ఆంధ్రలో జాలర్ల వలలు చింపుతోంది. వాళ్లు దాన్ని దెయ్యం చేప అంటున్నారు. రాజా అక్కడ బతకకపోతే దాన్ని చంపినట్లు, బతికితే చెరువుకు కొత్త రోగాలు అంటించినట్లు కావచ్చు.

అత్తగారి అరిష్టం మాట. చేప చస్తే ఇంటికి కీడంటారు కొందరు, ఇంటి మీదికి రావాల్సిన కీడును అది తీసుకుపోయిందంటారు మరికొందరు. నాకు రెండింటి మీదా నమ్మకం లేదు. కానీ ఈ సమయంలో ఆవిడతో వాదం పెట్టుకోకుండా రెండో మాట చెవిన వేయండి, నిశ్చింతగా ఉంటారు.

పోయిన ఏంజెల్ చోటులో వెంటనే మరొకటి కొనే తొందర వద్దని మామగారికి చెప్పండి. నీళ్లు కుదుటపడి, షార్క్ సంగతి తేలి, ఉన్న మూడింటి తోకలు పూర్తిగా వచ్చే దాకా ఆగాలి. అప్పుడు కొన్నా తెచ్చిన వెంటనే తొట్టెలో వేయకుండా, రెండు మూడు వారాలు విడిగా చిన్న తొట్టెలో ఉంచి, ఒంటి మీద తెల్ల చుక్కల్లాంటివి ఏమీ లేవని చూసుకుని కలపండి. గోల్డ్ ఫిష్ రెండింటినీ కూడా ఆ లోపు ఎవరికైనా ఇవ్వగలిగితే ఇంకా మంచిది.