పాత స్టీల్ రోడ్ బైక్‌ని టూరింగ్‌కి రెడీ చేస్తున్నా, పది వేలలో ఎలాంటి చక్రాలు వేయించాలి?

మీరు అడిగింది ఇదీ కదా: బాబాయ్ గారు అమెరికా నించి వస్తూ తెచ్చుకున్న 1980ల నాటి స్టీల్ రోడ్ బైక్, 27 ఇంచుల చక్రాలు, వెనక ఆరు గేర్ల ఫ్రీవీల్ (చక్రానికి మరతో బిగించే గేర్ల గుత్తి), రిమ్ములు తుప్పు పట్టాయి, బ్యాగులు కట్టుకుని హైదరాబాద్ నించి శ్రీశైలం, దోర్నాల, మార్కాపురం మీదుగా ఒంగోలు దాకా తొక్కాలి, చక్రాలకి పది వేలు దాటకూడదు. దాదాపు ఇలాంటి బండితోనే శ్రీశైలం రూటు నేను రెండు సార్లు తొక్కా, మొదటిసారి తప్పు చక్రాలతో, రెండోసారి సరైనవాటితో. కాబట్టి తప్పు నించే మొదలుపెడతా.

మొదటిసారి నేను చేసిన ఘనకార్యం ఏంటంటే సెకండ్ హ్యాండ్‌లో 6,500కి రేసింగ్ వీల్‌సెట్ దొరికిందని ఎగిరి గంతేసి కొనేశా, నల్లగా, పుల్లలు (స్పోకులు) కత్తుల్లా చదునుగా, ముందు 20 వెనక 24, చూడ్డానికి మాత్రం పెళ్ళికొడుకులా ఉండేది బండి. నేను 78 కిలోలు, వెనక ర్యాక్ మీద సామాను ఇంకో 14. కల్వకుర్తి, డిండి దాకా ఏం కాలేదు, మన్ననూర్ చెక్‌పోస్ట్ దాటి అడవిలోకి వెళ్ళి వటవర్లపల్లి కూడా దాటాక టంగ్‌మని సౌండు. వెనక చక్రంలో గేర్ల వైపు పుల్ల తల దగ్గర తెగింది. ఒక్కటే, కానీ ఉన్నదే 24 కదా, దాంతో చక్రం ఎంత ఔట్ అయిందంటే బ్రేకు మొత్తం వదులు చేసినా తిరిగినప్పుడల్లా ఫ్రేముకి రాసుకుంటోంది. బండి తలకిందులు పెట్టి నేను చక్రం చూసుకుంటుంటే కోతులొచ్చి హ్యాండిల్ బ్యాగులోంచి అరటిపళ్ళు పట్టుకెళ్ళిపోయాయి, అది వేరే కథ. రాత్రి 9 నించి పొద్దున 6 దాకా ఆ రోడ్డు మూసేస్తారు కాబట్టి చీకటి పడేలోపు బయటపడాలి, చివరికి ఓ డీసీఎం ఆయన దయతలిచి సున్నిపెంటలో దింపాడు.

అక్కడ సైకిల్ షాపు పెద్దాయన డబ్బాలో పుల్లలు బోలెడున్నాయి గానీ అన్నీ తల దగ్గర వంపు ఉన్నవి, నా హబ్బుకి (పుల్లలు తగిలించే చక్రం మధ్య భాగం) కావాల్సింది వంపు లేని నిటారు పుల్ల, పొడవూ వేరే. ఆయన చక్రం అటూ ఇటూ తిప్పి చూసి, ఇదేం సార్ ఇరవై నాలుగు పుల్లలేనా, మా పాలాయన బండికి నలభై ఉంటాయే అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ తర్వాత ఆలోచిస్తే ఆయన చెప్పిందే అసలు పాయింటు. మన పాత నల్ల సైకిళ్ళకి ముందు 32, వెనక 40 పుల్లలు ఉండేవి, ఊరికే కాదు, వడ్ల బస్తా, పాల క్యాన్లు, గ్యాస్ బండ అన్నీ మోసేది వెనక చక్రమే. టూరింగ్ బండి కూడా అదే పని చేస్తుంది, కాకపోతే బస్తా బదులు టెంటు.

కాబట్టి మీ పది వేలల్లో ఎక్కువ భాగం వెనక చక్రానికి పెట్టండి. 36 పుల్లలు, మూడు క్రాసు (ఒక్కో పుల్లా ఇంకో మూడింటిని దాటేలా అల్లడం), ఇంకో ఆలోచన వద్దు. 32 కూడా పనికొస్తుంది మీరు సన్నగా ఉంటే. ముందు చక్రం గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకండి, దానికి రెండువైపులా పుల్లలు సమానంగా ఉంటాయి, బరువూ తక్కువ, అది అంత తొందరగా ఏడిపించదు.

కొనేముందు టేపు, వెర్నియర్ పట్టుకుని మూడు కొలతలు తీయండి. మొదటిది టైరు పక్కన చెక్కిన నంబరు, 32-630 అనో 27 x 1 1/4 అనో ఉంటుంది. 27 ఇంచులంటే రిమ్ము కొలత, అంటే టైరు కూర్చునే చోట వ్యాసం, 630 ఎంఎం, ఇప్పుడందరూ వాడే 700సీ అంటే 622, పేర్లు చూస్తే 700సీ పెద్దదేమో అనిపిస్తుంది గానీ నిజానికి చిన్నది, టైర్లు ఒకదానివి ఇంకోదానికి ఎక్కవు. మన నల్ల సైకిల్ 28 x 1 1/2 టైరు అయితే 635, అది కూడా ఎక్కదు, ప్రయత్నించి టైం వేస్ట్ చేసుకోవద్దు. నా సలహా 700సీకి మారిపొమ్మని, మంచి 27 ఇంచుల టైరు వెతుక్కోవడం కంటే అది చాలా నయం, పైగా రిమ్ము చిన్నదవడం వల్ల 32 సైజు టైరుకి చోటు దొరకొచ్చు. రెండోది బ్రేకు, వ్యాసంలో 8 ఎంఎం తేడా అంటే బ్రేకు రబ్బరు 4 ఎంఎం కిందకి దిగాలి, బ్రేకు చేతికి ఉన్న గాడిలో అంత చోటుందా చూడండి. నాకు ముందు బ్రేకు సరిపోయింది, వెనకది గాడి చివరికెళ్ళినా రబ్బరు పై అంచు టైరుకి తగులుతోంది, అలా వదిలేస్తే టైరు కోసుకుపోతుంది, అందుకని పొడుగు చేతుల బ్రేకు ఇంకో 900 పెట్టి కొన్నా. బడ్జెట్‌లో అది కూడా పక్కన పెట్టుకోండి.

మూడోది వెనక ఫోర్కు లోపలి వెడల్పు. మీ ఆరు గేర్ల బండికి చాలావరకు 126 ఎంఎం ఉంటుంది, రిమ్ బ్రేకు రోడ్ హబ్బులు 130, మామూలు ఎంటీబీ (కొండ సైకిల్), హైబ్రిడ్ హబ్బులు చాలావరకు 135. స్టీల్ ఫ్రేము కాబట్టి 126లో 130 పట్టడం పెద్ద కష్టం కాదు, ఒక్కో వైపు 2 ఎంఎం, చేత్తో కాస్త లాగితే కూర్చుంటుంది, ప్రతిసారీ లాగడం విసుగనుకుంటే తెలిసినవాళ్ళతో ఫ్రేమునే సరిచేయించొచ్చు. 135 మాత్రం చేత్తో లాగి ఇరికించకండి, 9 ఎంఎం అంటే కొలిచి వంచాలి, రెండువైపులా సమానంగా రాకపోతే చక్రం వంకరగా నిలబడుతుంది. ఇదంతా స్టీల్‌కే, అల్యూమినియం ఫ్రేమైతే ముట్టుకోవద్దు.

అసలు 126కే సరిపోయే కొత్త ఫ్రీవీల్ హబ్బు కొంటే చవక కదా అని అడుగుతారు, నేనూ అనుకున్నా. ఫ్రీవీల్ హబ్బులో కుడివైపు బేరింగు గేర్ల లోపలి వైపు ఉండిపోతుంది, అక్కణ్ణించి ఫ్రేము దాకా యాక్సిల్‌కి ఏ ఆధారమూ ఉండదు, బరువు పడి గుంతలో దిగితే అక్కడే వంగుతుంది లేదా విరుగుతుంది. క్యాసెట్ హబ్బులో (గేర్ల గుత్తి హబ్బు మీదకి జారి కూర్చునే రకం) బేరింగు బయటివైపుకి జరిగి ఉంటుంది కాబట్టి ఆ బాధ లేదు. ఊళ్ళో తిరగడానికి ఫ్రీవీల్ హాయిగా చాలు, సామానుతో ఘాట్ అంటే క్యాసెట్టే. గేర్లు మార్చాలని భయపడకండి, మీ బండికి ఫ్రేము మీద పాత ఫ్రిక్షన్ లివర్లుంటే వాటికి క్లిక్కులు ఉండవు కాబట్టి 8 అయినా 9 అయినా మారుస్తాయి, చైను మాత్రం క్యాసెట్‌కి తగ్గది వేయండి. వెనక డిరైలర్ (చైనుని ఒక గేరు నించి ఇంకో గేరుకి జరిపేది) పొట్టిదైతే 28 పళ్ళ కంటే పెద్దది లాగడానికి మొరాయిస్తుంది, మరి దోమలపెంట నించి కృష్ణ దగ్గరికి దిగి మళ్ళీ సున్నిపెంటకి ఎక్కేటప్పుడు 32 పళ్ళు లేకపోతే మీకే తెలుస్తుంది.

రిమ్ము విషయంలో పేరు కంటే నాలుగు సంగతులు చూడండి. డబుల్ వాల్ (లోపల రెండు పొరలు) ఉండాలి, లోపలి వెడల్పు 17 నించి 19 ఎంఎం, అల్యూమినియం, పక్కన బ్రేకు పట్టే నున్నటి గోడ. ఈ చివరిది జాగ్రత్త, ఇప్పుడు అమ్మే 700సీ రిమ్ముల్లో చాలా భాగం డిస్క్ బ్రేకువే, ఫోటోలో తేడా తెలీదు, మా ఫ్రెండు ఒకడు తెప్పించి రిటర్న్ కొట్టాడు. మెరుస్తుందని క్రోమ్ స్టీల్ రిమ్ము తీసుకున్నారో, వానలో బ్రేకు నొక్కి దేవుణ్ణి తలుచుకోవడమే. ఇంకోటి వాల్వు కన్నం, మోటార్ సైకిల్ వాల్వు పట్టే పెద్ద కన్నం ఉన్న రిమ్ము అయితే రోడ్డు పక్కన ఏ పంక్చర్ షాపులో అయినా గాలి కొట్టించుకోవచ్చు. సన్న వాల్వు అయితే మీ పంపే దిక్కు.

నాకైన ఖర్చు, 2021 చివర్లో, ఇప్పుడు రేట్లు మారి ఉంటాయి: షిమానోలో కింది స్థాయి హబ్బుల జత 4,200, రిమ్ములు రెండూ 2,900, స్టెయిన్‌లెస్ పుల్లలు స్పేరుతో కలిపి 80 తీసుకుంటే 1,440, రిమ్ టేపు 150, చక్రాలు కట్టిన కూలి 900. మొత్తం 9,590. టైర్లు, క్యాసెట్, ఇందాక చెప్పిన బ్రేకు వేరే.

ఆ కూలి 900 దగ్గర బేరం ఆడకండి. పుల్ల బరువుకి లాగి తెగదు, వదులుగా ఉండి తెగుతుంది. చక్రం తిరిగే ప్రతిసారీ నేల వైపుకొచ్చిన పుల్ల కాస్త సడలి మళ్ళీ బిగుస్తుంది, బిగువు తక్కువైతే తల దగ్గర వంపులో అది ఆడుతూ ఆడుతూ అలిసిపోయి తెగుతుంది. రెడీమేడ్ చవక చక్రాల్లో జరిగేది ఎక్కువగా ఇదే, సామాను బాగానే ఉంటుంది, బిగువే ఉండదు. నాకు కట్టిన తాత పాత సైకిల్ షాపాయన, మీటరూ గీటరూ లేవు, ఒక్కో పుల్లనీ గోటితో మీటి విని, గేర్ల వైపువన్నీ ఒకే సౌండు ఇచ్చేదాకా తిప్పాడు, తర్వాత రెండేసి పుల్లల్ని గుప్పిట్లో పట్టుకుని గట్టిగా నొక్కాడు, కిర్రుకిర్రుమన్నాయి, మళ్ళీ బెండు తీశాడు, ఇలా మూడుసార్లు. పక్కన కూర్చుని రెండు టీలు తాగా. ఎడమవైపు సౌండు వేరేగా ఉంటుంది, అది మామూలే, గేర్లకి చోటివ్వడానికి రిమ్ము హబ్బు మధ్యలో కూర్చోదు కాబట్టి ఆ వైపు బిగువు తక్కువే.

పుల్లల సైజు అంచనాతో కొనకండి, హబ్బు, రిమ్ము చేతికొచ్చాక కొలిచే కొనండి, గేర్ల వైపు పుల్ల రెండోవైపు కంటే ఒకటి రెండు ఎంఎం తక్కువ ఉంటుంది. మిగిలిన స్పేరు పుల్లల్ని ఫ్రేము గొట్టానికి టేపుతో చుట్టేయండి. గేర్ల వైపు పుల్ల మార్చాలంటే క్యాసెట్ ఊడదీయాలి, ఆ టూలు వెంట లేకపోతే స్పేరు పుల్లలు ఉండీ లేనట్టే.

రెండోసారి 2022 జనవరిలో ఇవే చక్రాలతో వెళ్ళా, మొదటి 250 కిలోమీటర్లకి వెనకది కొంచెం ఔట్ వస్తే పావు తిప్పు సరిచేశా, ఆ తర్వాత మూడు వేల పైన తిరిగింది, ఒక్క పుల్లా తెగలేదు.

వెనక ఫోర్కు వెడల్పు, బ్రేకు బోల్టు నించి రిమ్ముకి ఎంత దూరమో కొలిచి కింద కామెంట్లో పెట్టండి, అలాగే మీ బరువు, సామాను ఎంతో కూడా. 36 కావాలా 32 చాలా అన్నది అది చూసి చెప్తా, ఈలోగా ఏదీ ఆర్డర్ పెట్టకండి.