సమాధానం: 2016 పాండా 30 గ్రాములే తూగితే నకిలీయా?

చైనా ముద్రించే ఔన్సు వెండి పాండా నాణెం అంటే 31.1 గ్రాములు ఉండాలి కదా, నా 2016 నాణెం 30 గ్రాములే తూగుతోంది, వాపసు పంపనా అని అడిగారు. తొందరపడకండి. చైనా ఆ ఏడాదే పాండాలను ఔన్సుల నుంచి గ్రాముల్లోకి మార్చింది. 31.1 తూగి ఉంటేనే నాకు అనుమానం వచ్చేది!

అలాగని బరువొక్కటే చాలదండీ. 0.01 గ్రాము దాకా చూపే త్రాసు మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, అడుగు తగలకుండా పూర్తిగా ముంచండి. వెండైతే త్రాసు 2.86 గ్రాముల దగ్గర చూపుతుంది, వెండి పూత పూసిన రాగైతే 3.3 గ్రాములు దాటుతుంది. తర్వాత మెత్తటి బట్టతో అద్దండి, రుద్దారో గీతలు పడతాయి. అయస్కాంతాన్ని నమ్ముకోకండి, రాగి కూడా దానికి అంటుకోదు.

అదే అమ్మకందారు చూపిస్తున్న 'పరిమిత ముద్రణ' పాండా మీద యువాన్ విలువే లేదన్నారు. అయితే అది పతకం, నాణెం కాదు. నకిలీ అనలేం గానీ, నాణెం ధర చూపించి అడిగితే మాత్రం ఒప్పుకోకండి.