వరి అన్నం అరుగుతుంది, వరి గడ్డి మనకెందుకు అరగదు?

అన్నంలోని పిండిపదార్థం, గడ్డిలోని సెల్యులోజ్ రెండూ గ్లూకోజ్ గొలుసులే. తేడా అంతా ఆ గ్లూకోజ్‌లు ఒకదానికొకటి అతుక్కున్న తీరులోనే ఉంది. పిండిలో ఆల్ఫా బంధాలు, సెల్యులోజ్‌లో బీటా బంధాలు. మన లాలాజలంలో, క్లోమరసంలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ ఆల్ఫా బంధాన్నే తెంచగలదు. సెల్యులోజ్‌ని తెంచే ఎంజైమ్‌ని మన ఒళ్లు తయారుచేయలేదు.

నిజానికి కోనసీమలో దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక ఎండుగడ్డి మేసే గేదె కూడా తయారుచేయలేదు! దాని పొట్టలోని పెద్ద గదిలో కోట్లాది సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. నెమరువేత వాటికి సాయం. నాకైతే ఈ పొత్తు అద్భుతంగా అనిపిస్తుంది.

మినుములు, శనగలు తింటే గ్యాస్ పట్టేదీ ఇలాగే. వాటిలోని రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలను విడగొట్టే ఎంజైమ్ మన చిన్నపేగులో లేదు. పెద్దపేగులోని బాక్టీరియా వాటిని పులియబెడుతుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి వండితే కొంత తగ్గుతుంది.