గుణింతం అప్పజెప్తాడు, చదవలేడు

బుజ్జమ్మా,

నిన్న ఫోన్లో నీ గొంతు విన్న దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదు. రెండో తరగతిలో ఆరుగురు పిల్లలు క గుణింతం గడగడా అప్పజెప్తారు, బోర్డు మీద ‘వల’ అని రాస్తే మాత్రం తెల్లమొహం వేస్తారు అన్నావు. ‘‘నాకే చెప్పడం రావట్లేదేమో పెద్దమ్మా’’ అన్నావు చూడు, ఆ మాట తీసేయ్. ముప్పై ఏళ్లకు పైగా ఒకటి, రెండు తరగతులకే చెప్పాను. అలాంటి పిల్లలు లేని ఏడాది నాకు గుర్తులేదు.

నేను కొత్తగా చేరిన రోజుల్లో చేపలు పట్టేవాళ్లుండే జాలారిపేట నుంచి ఒక పిల్లాడు వచ్చేవాడు. వాచకంలో పడవ బొమ్మ, కింద ‘పడవ’ అనే మాట. వాడు అక్షరాల మీద వేలు పెట్టి ‘‘తెప్ప’’ అని చదివాడు. నేను బొటనవేలితో బొమ్మ మూసేశాను. వాడి కళ్లు నా వేలి మీదే ఆగిపోయాయి. అక్షరాల దగ్గరికి దిగనేలేదు. ఆ మాట నూరుసార్లు రాసుకురమ్మన్నాను. మర్నాడు ముత్యాల్లా రాసుకొచ్చాడు. చదవమంటే మళ్లీ ‘‘తెప్ప’’ అన్నాడు. నూరుసార్లూ వాడి చెయ్యి పనిచేసింది, నోరు మూసుకునే ఉంది. ఆ శిక్ష వేసినందుకు ఇప్పటికీ బాధపడతాను.

గుణింతం పాడేటప్పుడు దీనికి తలకిందులుగా జరుగుతుంది. నోరు పాడుతుంది, కన్ను ఎక్కడో ఉంటుంది. అందుకని ఏం చేయించినా సరే, చూపు, నోరు, చెయ్యి ఒకే అక్షరం మీద ఒకేసారి ఉండేలా చూసుకో. నేను చెప్పేవన్నీ దానికోసమే.

మొదటి వారం పలక ముట్టుకోకు. చెవికి పని చెప్పు. ‘పడవ’ అను, ప-డ-వ అని మూడు చప్పట్లు కొట్టించు. ‘‘ప తీసేస్తే ఏం మిగిలింది?’’ అని అడుగు. ‘డవ’ అని నవ్వుతారు. ‘‘ముందు క పెడితే?’’ అంటే కడవ అవుతుంది. ఇది నోటితో చెయ్యలేని పిల్లాడికి అక్షరాలు చూపించి లాభం లేదు, నా మాట నమ్ము.

తర్వాత ఏడు అక్షరాలు చాలు: అ, ల, వ, ప, డ, క, త. వీటితోనే అల, వల, కల, తల, కడవ, పడవ, పలక, పడక వచ్చేస్తాయి. మొదటి పది రోజుల్లోనే ఒక మాట సొంతంగా చదివానన్న ఆనందం పిల్లాడికి దక్కాలి. అ నుంచి ఱ దాకా అన్నీ అయ్యాకే మాటలు అని కూర్చుంటే ఆ ఆనందం ఏడాది చివరికి గానీ రాదు. వెనకబడ్డ పిల్లాడు అంతదాకా ఆగడు, కిటికీలోంచి బయటికి చూడ్డం మొదలుపెడతాడు.

అక్షరం నేర్పేటప్పుడు నేల మీద సుద్దముక్కతో పెద్దగా రాసి, గీత వెంట చింతపిక్కలు పేర్పించు. ఒక్కో పిక్క పెడుతూ ‘వ’ అనాలి. నోరు ఆగితే చెయ్యి ఆగాలి. తొక్కుడుబిళ్ల గళ్లలో ఈ ఏడు అక్షరాలూ రాసి గెంతించు. కాలు పడ్డ గడిలో అక్షరం పలికితేనే ముందుకెళ్లాలి. బీచ్‌కి తీసుకెళ్లగలిగితే తడి ఇసకలో వేలితో రాయించు. అల వచ్చి చెరిపేసేలోగా చదవాలి అని పందెం పెడితే, బళ్లో నోరు విప్పని గుంటడు కూడా అరిచి చదువుతాడు. రోజుకి 10 నిమిషాలు, ఒక్కొక్కరితో. ఆరుగురినీ కూర్చోబెట్టి కోరస్‌గా చెప్పిస్తే రానివాడు వచ్చినవాడి గొంతు వెనక దాక్కుంటాడు.

ఒక ముఖ్యమైన సంగతి. చేప బొమ్మ చూపించి ‘చ’ నేర్పబోతే వాళ్లు ‘‘సేప’’ అంటారు. తప్పని నవ్వకు, ఎవర్నీ నవ్వనివ్వకు. వాళ్లమ్మ అలాగే అంటుంది. వాళ్ల చెవికి అది స శబ్దమే. అదే పిల్లలు పచ్చడి, పిచ్చుక అన్నప్పుడు చ చక్కగా పలుకుతారు. ఆ మాటల్లోంచి శబ్దాన్ని పట్టించు. చేప తర్వాత చూసుకోవచ్చు. మన గిడుగు రామమూర్తి గారు సవరలనే గిరిజనుల పిల్లల కోసం ముందు తాను సవర భాష నేర్చుకుని, వాళ్ల భాషలోనే వాచకాలు రాశారు. పిల్లాడి నోట్లో ఉన్న మాట దగ్గర్నుంచే మొదలుపెట్టడం మన ప్రాంతానికి కొత్త కాదు.

గుణింతం దగ్గర తొందరపడకు. ‘కకు గుడిస్తే కి’ అని పేర్లు చెప్పిస్తాం గానీ, గుడి అనే మాటలో ఇ శబ్దం ఎక్కడుందో పిల్లాడికి ఏం తెలుస్తుంది? అందుకే ‘కి ఏది’ అంటే క దగ్గర్నుంచి పాడుకుంటూ వస్తాడు. ఒక్క అక్షరానికి అన్ని గుర్తులూ కాకుండా, ఒక్క గుర్తును అన్ని అక్షరాలకూ పెట్టు. వారమంతా దీర్ఘమే: పా, లా, వా, కా, తా. వడ, వాడ పక్కపక్కన రాసి, దీర్ఘం వచ్చినప్పుడు చేతులు బార చాపి సాగదీసి పలకమను. కొమ్ముకి వచ్చాక పు, వు దగ్గర ఆగు. మిగతా అక్షరాల్లా వ పక్కన కొమ్ము పెడితే అది మ లాగే కనిపిస్తుంది, అందుకే వాటికి కిందికి దించి రాస్తాం. ఆ సంగతి పిల్లలకు చెప్పి చూడు, కళ్లు ఎంత పెద్దవి చేస్తారో!

ఏబీసీడీలు ఇదే గంటలో కలపకు. మన ‘ఏ’కీ ఆ ‘ఏ’కీ గొడవ పడతారు.

ఇంతా చేశాక కూడా ప, బ తేడా వినిపించని పిల్లలుంటే చెవులు చూపించమని తల్లికి మెల్లగా చెప్పు. వాల్తేరు వైపు సర్కారు ఆసుపత్రి ఉంది. బోర్డుకేసి కళ్లు చికిలించేవాణ్ణి ముందు వరసలోకి తెచ్చి, కళ్లు కూడా చూపించమను.

ఆదివారం ఇంటికి రా. చింతపిక్కలు కడిగి ఎండబెట్టి సంచిలో పోసి ఉంచాను, ఆరుగురికీ సరిపోతాయి.

మీ పెద్దమ్మ