షెల్ఫ్ నిండా సీసాలు, కార్డు మీద ఈఎంఐలు: కార్ డిటైలింగ్ హాబీకి ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: నా వయసు 33, ప్రైవేటు ఉద్యోగం. రెండేళ్ల క్రితం కారు నేనే కడుక్కుందామని మొదలుపెట్టింది ఇప్పుడు డిటైలింగ్ (కారును లోపలా బయటా కొత్తదానిలా మెరిపించే పని) పిచ్చిగా మారింది. మా డిటైలింగ్ గ్రూపులో ఎవరు ఏం కొన్నా నాకూ కొనాలనిపిస్తుంది. క్రెడిట్ కార్డు మీద ఇప్పటికే రెండు ఈఎంఐలు నడుస్తున్నాయి. ఎమర్జెన్సీ ఫండ్ నెలన్నర ఖర్చులకు సరిపోతుంది. ఇప్పుడు డీఏ పాలిషర్ (ప్యాడ్ తిప్పి పెయింట్‌ను పాలిష్ చేసే మెషీన్), పెయింట్ డెప్త్ గేజ్ (పెయింట్ మందం కొలిచేది), వ్యాక్స్, సెరామిక్ కోటింగ్ (పెయింట్ మీద గట్టిపడే రక్షణ పొర) కలిపి 12 నెలల ఈఎంఐ మీద తీసుకుందామనుకుంటున్నాను. కారు రీసేల్ విలువ నిలబడుతుంది కాబట్టి ఇది ఒకరకంగా ఇన్వెస్ట్‌మెంటే అని నా ఉద్దేశం. మా ఆవిడ మాత్రం ఒప్పుకోవడం లేదు. గ్రూపులో వాళ్లేమో శని, ఆదివారాలు వేరేవాళ్ల కార్లు చేసి ఖర్చు రాబట్టుకోమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: రీసేల్ సంగతి ముందు తేల్చేద్దాం, మీ లెక్కంతా దాని మీదే నిలబడి ఉంది కాబట్టి. పాత కారు కొనడానికి వచ్చినవాళ్లు ఏ సంవత్సరం మోడల్, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, సర్వీస్ రికార్డు ఉందా, ఎక్కడైనా గుద్దుకుందా అని చూస్తారు. పెయింట్ మెరుస్తుంటే బండి తొందరగా అమ్ముడుపోతుంది, బేరం కాస్త తక్కువ ఆడతారు, అది నిజమే. కానీ ఏళ్ల తరబడి సీసాల మీద పెట్టిన డబ్బు ఆ కాస్త తేడాలో తిరిగి రాదు. అమ్మే ముందు ఒక్కసారి శుభ్రంగా కడిగి, క్లే బార్ (అతుక్కున్న మురికిని లాగే మెత్తని ముద్ద) పట్టి, ఒక చేయి పాలిష్ కొట్టి, లోపల వాక్యూమ్ చేస్తే వచ్చే మెరుపుకీ, నాలుగేళ్లు నెలకో కొత్త ప్రొడక్ట్ వాడితే వచ్చే మెరుపుకీ మీకు తేడా తెలుస్తుంది, మీ గ్రూపులో వాళ్లకు తెలుస్తుంది, కొనేవాడికి తెలియదు.

పైగా పెయింట్ కరెక్షన్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. గీత అడుగు దాకా చుట్టూ ఉన్న క్లియర్ కోటును, అంటే రంగు మీద ఉండే పారదర్శకమైన పై పొరను, అరగదీసి సమం చేయడమే కదా. ఫ్యాక్టరీ పెయింట్ పొరలన్నీ కలిపితే మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అందులో క్లియర్ కోటు వాటా 40, 50 మైక్రాన్లు. చేసిన ప్రతిసారీ అందులోంచి కొంత పోతుంది, పోయింది మళ్లీ రాదు. మీరు కొనాలనుకుంటున్న గేజ్ కూడా సాధారణంగా మొత్తం మందం చెబుతుందే తప్ప, అందులో క్లియర్ కోటు ఎంత మిగిలిందో విడిగా చెప్పదు. వాడేకొద్దీ అసలే తరిగిపోయేదాన్ని ఇన్వెస్ట్‌మెంట్ అని ఏ లెక్కలోనూ రాయలేం.

అలాగని మానేయమని చెప్పడం లేదు. రిమ్ము మీద ఐరన్ రిమూవర్ కొట్టిన కాసేపటికి బ్రేకుల నుంచి రాలి అతుక్కున్న ఇనుప రజను ఊదారంగు చారలుగా కిందికి జారడం, టార్చి వెలుగులో సాలెగూడులా కనిపించిన స్విర్ల్ మార్కులు (పెయింట్ మీది సన్నని గీతలు) ప్యాడ్ నాలుగుసార్లు తిరిగేసరికి మాయమై బల్బు ప్రతిబింబం అద్దంలోలా తేటగా కనపడడం, వారమంతా స్క్రీన్ ముందు కూర్చున్న మనిషికి ఇది ఇచ్చే తృప్తి చిన్నది కాదు. సరదా కోసం చేసే ఖర్చు తప్పు కాదు. దాన్ని సరదా ఖర్చుల్లోనే రాసుకోండి, చాలు. ఇన్వెస్ట్‌మెంట్ అని పేరు పెట్టుకున్న రోజు నుంచీ దానికి హద్దు ఉండదు, ఎందుకంటే ఇన్వెస్ట్‌మెంట్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని మనకు అలవాటైపోయింది కదా.

ఇక ఎంత పెట్టొచ్చు అనేది. కార్డు బాకీ ఉండి, ఎమర్జెన్సీ ఫండ్ నెలన్నరకే ఉన్న మీ పరిస్థితిలో చేతికొచ్చే జీతంలో 2 శాతానికి మించొద్దు. సున్నా అని ఎందుకు చెప్పడం లేదంటే, పూర్తిగా ఆపేయమంటే రెండు నెలలు ఆగి మూడో నెల మూడింతలు కొంటారు, హాబీల విషయంలో ఎక్కువమంది చేసేది అదే. కార్డు బాకీ తీరి, చేతిలో కనీసం మూడు నెలల ఖర్చులు చేరాక 3 శాతం చేసుకోండి. ఆరు నెలల ఖర్చులు చేరి, రిటైర్మెంట్‌కు వెళ్లాల్సింది కూడా క్రమంగా వెళ్తుంటే 5 శాతం దాకా నాకు అభ్యంతరం లేదు. ఈ డబ్బును జీతం పడిన రోజే విడిగా ఒక చిన్న ఖాతాలోకి మార్చేయండి, ఆ ఖాతా కార్డుతోనే కొనండి. ఒక నెల మిగిలితే తర్వాతి నెలకు కలుపుకోండి. అయిపోతే ఆగండి.

ఈఎంఐ విషయం కాస్త గట్టిగానే చెబుతాను. వస్తువు ఆయుష్షు కంటే వాయిదాల ఆయుష్షు ఎక్కువ ఉండకూడదు. కార్నౌబా వ్యాక్స్ (చెట్టు ఆకుల నుంచి తీసే మైనం) ఎంత మంచిదైనా ఎండలో, వానలో తిరిగే కారు మీద కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు నిలుస్తుంది. దాన్ని 12 నెలల వాయిదాల్లో కొంటే, వ్యాక్స్ ఆనవాలు కూడా లేని కారుకు మిగతా తొమ్మిది నెలలూ డబ్బు కడుతూనే ఉంటారు. షాంపూ, వ్యాక్స్, కాంపౌండ్ (గీతలను అరగదీసే పేస్టు), ప్యాడ్లు, టవళ్లు, ఇవన్నీ అరిగిపోయేవి, కరిగిపోయేవి, వీటిని చేతిలో ఉన్న డబ్బుతోనే కొనాలి. పాలిషర్ మాటంటారా, ఏళ్ల తరబడి పనిచేసే మెషీన్ కాబట్టి దానికి వాయిదా పెట్టుకోవడంలో కొంత అర్థముంది, కానీ ఆ వాయిదా మీకు మీరే కట్టుకోండి, ఆ చిన్న ఖాతాలో దాని ధర పోగయ్యేదాకా కదపకుండా ఉంచి ఆ తర్వాత కొనండి. ఈలోగా మోజు తగ్గిపోతే డబ్బు మీ దగ్గరే ఉంటుంది. వడ్డీ లేని ఈఎంఐ అన్నచోట కూడా ప్రాసెసింగ్ ఫీజు ఉందా, మొత్తం ఒకేసారి కడితే వచ్చే డిస్కౌంట్ పోతోందా అని చూసుకోండి, చాలాసార్లు వడ్డీ అక్కడే దాక్కుని ఉంటుంది.

ఈ వారాంతం కారు జోలికి వెళ్లకుండా ఒక పని చేయండి. షెల్ఫ్‌లో ఉన్నవన్నీ నేల మీద పరిచి రాసుకోండి, ఏ సీసాలో ఎంత మిగిలింది, ఎప్పుడు తెరిచారు, ఒకే పనికి ఎన్ని ఉన్నాయి అని. మూడు రకాల షాంపూలు, నాలుగు క్విక్ డిటైలర్లు (చల్లి తుడిచే స్ప్రేలు), రెండు టైర్ డ్రెస్సింగ్‌లు (టైర్లను నల్లగా మెరిపించేవి) తేలతాయని నా అంచనా. కాన్సంట్రేట్లు ఎంతకాలం వస్తాయో కూడా లెక్క వేసుకోండి, ఈ లెక్క ఎవరూ వేయరు. 1కి 256 పాళ్లలో నీళ్లు కలిపే రిన్స్‌లెస్ వాష్ (తర్వాత నీళ్లు పోసి కడగక్కర్లేని ద్రావణం) 500 మిల్లీలీటర్లు ఉంటే దాంతో 128 లీటర్ల వాష్ నీళ్లు తయారవుతాయి, ఒక కారుకు 8 లీటర్లు వాడినా 16 సార్లు. వారానికోసారి కడిగితే దాదాపు నాలుగు నెలలు. అలాంటిది సగం సీసా ఉండగానే కొత్త వాసన వచ్చిందనో, కొత్త రంగు వచ్చిందనో ఇంకొకటి తెస్తే షెల్ఫ్ ఎప్పటికీ ఖాళీ కాదు. సెరామిక్ కోటింగ్ అయితే మరీనూ, సీసా ఒకసారి మూత తీస్తే మిగిలింది గాలిలో తేమకు గట్టిపడిపోతుంది, అందుకే వాడే వారం దాకా కొనొద్దు. మైక్రోఫైబర్ టవళ్లను విడిగా ఉతకండి, ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేయకండి, బాగా వేడిలో ఆరబెట్టకండి. కింద పడిన టవల్ పెయింట్ మీదికి వెళ్లకూడదు, చక్రాలకు వాడుకోండి. దానికి లెక్క ఏమిటంటే, మంచి టవల్ రెండింతలు కాలం వస్తే టవళ్ల ఖర్చు సగమైనట్టే.

ఇంకో సంగతి, డబ్బు ఎక్కడ పెడితే ఎక్కువ మిగులుతుందో మీ హాబీలోనే సమాధానం ఉంది. కారు మీద పడే స్విర్ల్ మార్కుల్లో ఎక్కువ భాగం కడిగేటప్పుడూ తుడిచేటప్పుడూ మనం చేతులారా వేసేవే. రెండు బకెట్లు, అడుగున గ్రిట్ గార్డులు (ఇసుకను కిందే ఆపే జల్లెడలు), ఒక మంచి వాష్ మిట్ (కడగడానికి వాడే మెత్తని చేతి తొడుగు), ఆరబెట్టడానికి ఒక మందపాటి టవల్, ఇవి ఉండి ఓపిగ్గా కడిగితే కరెక్షన్ అవసరమే అరుదుగా వస్తుంది, అప్పుడు కాంపౌండ్లూ ప్యాడ్లూ అంతగా ఖర్చు కావు. చవకైన సామాన్లు ఖరీదైన సామాన్ల అవసరాన్ని తగ్గించే హాబీలు చాలా తక్కువ, ఇది అందులో ఒకటి.

కోటింగ్ సీసా మీద 9హెచ్ అని ఉంటే మోసపోకండి. అది పెన్సిల్ గట్టిదనంతో పోల్చే పరీక్షలో వచ్చే అంకె, రాయి తగిలినా ఏమీ కాదని దాని అర్థం కాదు. కోటింగ్ వల్ల నీళ్లు జారిపోతాయి, మురికి తేలిగ్గా వదులుతుంది, ఎగిరొచ్చే కంకర దెబ్బకు మాత్రం అది ఆగదు, దానికి పీపీఎఫ్ (పెయింట్ మీద అతికించే పారదర్శక రక్షణ ఫిల్మ్) కావాలి, అది పూర్తిగా వేరే స్థాయి ఖర్చు, ఇప్పుడు మీరు తలపెట్టాల్సింది కాదు.

గ్రూపు మానేయమని మీ ఆవిడ అన్నారో లేదో తెలియదు గానీ నేనైతే అనను. ఈ హాబీలో డబ్బు ఆదా చేసే దారి కూడా అక్కడే ఉంది. గేజ్ ఒక మనిషికి ఏడాదిలో ఎన్నిసార్లు కావాలి? ఆరుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే చాలు, లేదా ఉన్నవాళ్లను అడిగి ఒక పూట తెచ్చుకోవచ్చు. 5 లీటర్ల డబ్బా ఐదుగురు పంచుకుంటే మామూలుగా లీటరు ధర బాగా తగ్గుతుంది. కొత్త కాంపౌండ్ మీ పెయింట్‌కు పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి ఎవరిదో సీసాలోంచి 50 మిల్లీలీటర్లు చాలు, బానెట్ మీద ఒక మూల టెస్ట్ స్పాట్ చేసి చూడొచ్చు. కొనాలనుకున్న పాలిషర్‌నే ఒక ఆదివారం వాడి చూడండి, 15 మిల్లీమీటర్ల త్రో (ప్యాడ్ పక్కకు ఊగే దూరం) ఉన్నది మీ చేతికి నప్పుతుందా, లేక వంపుల దగ్గర చిన్నదే హాయిగా ఉందా అప్పుడు తెలుస్తుంది. వీటన్నిటికీ గ్రూపును వాడుకోండి. నష్టమల్లా పార్సిళ్లు విప్పి వరసగా పేర్చి పెట్టే ఫొటోల దగ్గర వస్తుంది. కూపన్ కోడ్ ఇచ్చేవాళ్లకు మీ కొనుగోలు మీద కమీషన్ ఉండొచ్చన్నది కూడా గుర్తుంచుకోండి. అడగడంలో తప్పు లేదు, మంచివాళ్లు దాచరు కూడా. ఏదైనా నచ్చితే ఒక కాగితం మీద తేదీ వేసి రాసుకోండి, 30 రోజుల తర్వాత కూడా కావాలనిపించి, ఆ పనికి షెల్ఫ్‌లో ఉన్నది అయిపోయి ఉంటే అప్పుడు కొనండి.

వేరేవాళ్ల కార్లు చేసి సంపాదించడం గురించి. సింగిల్ స్టేజ్ కరెక్షన్ (ఒక్క విడత పాలిష్) అంటే కడగడం, డీకాంటామినేషన్ (అతుక్కున్న మురికి తీయడం), టేపింగ్ (అంచులకు టేపు వేయడం), పాలిష్, తుడుపు అన్నీ కలిపి ఆరేడు గంటలు తేలిగ్గా పడుతుంది, రెండు స్టేజ్‌లైతే శని, ఆదివారాలు రెండూ పోతాయి. మీరు అడగగలిగిన మొత్తంలోంచి ప్యాడ్లు, కాంపౌండ్, నీళ్లు, కరెంటు తీసేసి గంటలతో భాగించండి. ఆ అంకె మీ ఉద్యోగంలో గంటకు వచ్చేదానితో పోల్చి చూసుకోండి, చాలామంది అక్కడే ఆగిపోతారు. దానికన్నా పెద్ద విషయం రిస్కు. ప్యానెల్ అంచుల దగ్గర, బాడీ లైన్ల మీద పెయింట్ పలచగా ఉంటుంది, అంతకుముందు ఎవరు ఎన్నిసార్లు అరగదీశారో మీకు తెలియదు, ఒక్క క్షణం ఎక్కువ ఆగితే క్లియర్ కోటు దాటి కిందికి వెళ్లిపోతుంది. అప్పుడు ఆ ప్యానెల్‌కు మళ్లీ పెయింట్ వేయించే ఖర్చు మీదే, అంతకుముందు నాలుగైదు కార్ల మీద మిగిలింది దానికే పోతుంది. మీ సొంత కారు ఇన్సూరెన్స్ సాధారణంగా ఇలాంటి నష్టానికి వర్తించదు, దానికి విడిగా పాలసీ కావాలి. ఆఫీసులో పక్క సంపాదన మీద నిబంధనలున్నాయేమో చూసుకోవాలి, వచ్చిన డబ్బును ఆదాయంలో చూపించాలి.

చేయాలనే ఉంటే ఇప్పుడున్న సామానుతోనే, మెషీన్ పట్టుకోకుండా, లోపలి క్లీనింగూ రిన్స్‌లెస్ వాష్‌లూ మాత్రమే మొదలుపెట్టండి. వచ్చింది ఆ చిన్న ఖాతాలోనే వేయండి, పాలిషర్ ఆ డబ్బుతో కొనండి. ముందు కొనేసి తర్వాత సంపాదిద్దాం అనే దారిలో మాత్రం వద్దు. తెలిసినవాళ్లు "మనదే కదా, ఒకసారి చెయ్యి" అంటారు, మొహమాటపడకుండా ముందే ధర చెప్పేయండి.

మీ ఆవిడ ఒప్పుకోకపోవడం దగ్గరికి వద్దాం. పాలిషర్ మీద ఆవిడకు కోపం ఉంటుందని నేననుకోను. చెప్పకుండా వచ్చే పార్సిళ్లు, కనపడని ఈఎంఐలు, మధ్యాహ్నం భోజనానికి కూడా లోపలికి రాని ఆదివారాలు, వీటి మీద అయ్యుండొచ్చు. షెల్ఫ్ లెక్క కాగితం ఆవిడ ముందు పెట్టండి, రెండు ఈఎంఐల వివరాలూ పెట్టండి. మీకు ఎంత శాతం సరదా ఖర్చు అనుకున్నారో ఆవిడకూ అంతే మొత్తం విడిగా ఇంటి బడ్జెట్‌లో రాయండి, దేనికి ఖర్చు పెట్టారని ఒకరినొకరు అడగక్కర్లేని డబ్బు అది. జీతం ఒకరిదే అయినా సరే.

ఇప్పటికి ఆ 12 నెలల ఈఎంఐ తీసుకోకండి. మూడు నెలలు ఆ 2 శాతం దాటకుండా, ముందు షెల్ఫ్‌లో ఉన్నవి ఖాళీ చేయండి, ఇంతకాలం దానికి మించి పెట్టిన డబ్బు కార్డు బాకీకి మళ్లించండి. రెండు ఈఎంఐలలో ఒక్కోదానికి ఎంత బాకీ ఉందో, వడ్డీ ఎంతో, ఇంకా ఎన్ని నెలలున్నాయో, ముందే కట్టేస్తే ఫోర్‌క్లోజర్ ఛార్జీ ఎంతో మీ ఉత్తరంలో లేవు. అవి రాసి పంపితే ఏది ముందు మూసేయాలో లెక్క వేసి చెబుతాను.