ఎలక్ట్రోస్ప్రేలో ఫ్లో తగ్గిస్తే సిగ్నల్ ఎందుకు పడిపోదు?

ఎలక్ట్రోస్ప్రే అంటే ద్రవ శాంపిల్‌ని వోల్టేజ్ పెట్టిన సూది నుంచి సన్నని బొట్లుగా చిమ్మి, అందులోని అణువులని అయాన్లుగా (విద్యుదావేశం ఉన్న కణాలుగా) మాస్ స్పెక్ట్రోమీటర్‌కి, అంటే అణువుల ద్రవ్యరాశి కొలిచే పరికరానికి, పంపే పద్ధతి. శాంపిల్ తక్కువ వెళ్తే సిగ్నల్ కూడా తగ్గాలి కదా అనిపిస్తుంది, కానీ మాస్ స్పెక్ట్రోమీటర్‌కి కావాల్సింది ద్రవం కాదు, అయాన్లు. నిమిషానికి వందల మైక్రోలీటర్లు పంపితే బొట్లు పెద్దవిగా ఉంటాయి, సూదిని పరికరం ఇన్‌లెట్‌కి (అయాన్లు లోపలికి వెళ్లే రంధ్రానికి) దూరంగా పెట్టాల్సి వస్తుంది, చాలా భాగం బయటే పోతుంది. అదే 20 నానోలీటర్లకి దిగితే బొట్టు సుమారు 200 నానోమీటర్లే, చప్పున ఆరిపోతుంది, సూది మొనని ఒకట్రెండు మిల్లీమీటర్ల దగ్గరికి తేవచ్చు కాబట్టి అయాన్లలో ఎక్కువ వాటా లోపలికి చేరుతుంది. ఉప్పు ఉన్న శాంపిల్‌ని కూడా కాస్త బాగానే తట్టుకుంటుంది. అసలు తలనొప్పి మొనతోనే: కొన్ని మైక్రాన్ల రంధ్రం, చిన్న నలుసు అడ్డుపడినా చాలు. స్ప్రే ఆగి ఆగి వస్తుంటే వెంటనే వోల్టేజ్ పెంచకండి, ముందు మొనని మైక్రోస్కోప్ కింద చూడండి.